రాళ్లు కొట్టిన కోడలు

కొండరోడ్డు మలుపులో బైండింగు షాపు వాళ్ల కోడలు కూలికి రాళ్లు కొడుతోందట.

కిటికీ పిన్ని ఇది తన కళ్లతో చూసి చెప్పిన మాట కాదు. ఆవిడకి ఇస్త్రీ బండి మనిషి చెప్పింది. ఇస్త్రీ మనిషికి వాళ్ల తోడికోడలు చెప్పింది. ఆ తోడికోడలు బస్సులోంచి చూసింది, అదీ జనంలో నిలబడి. అయినా సరే, నెత్తిన టోపీ, కాళ్లకి మగవాళ్ల బూట్లు, చేతిలో పొట్టి సుత్తి, అన్నీ పూసగుచ్చినట్టు చెప్పిందట. బండమీద కాలు పెట్టి టంగుమని ఒక్క దెబ్బ వేసిందట. ఊడిన ముక్కని ఎండకి అటూ ఇటూ తిప్పి చూసుకుందట. పక్కనున్న మేస్త్రీ ఏదో అంటే తలాడించిందట.

"మేస్త్రీ మంచివాడిలాగే ఉన్నాడట వదినా. తెల్ల గడ్డం, కళ్లద్దాలు. ఎండగా ఉందని గొడుగు కూడా పట్టాడట" అని కిటికీ పిన్ని తన వంతు ఓదార్పు చేర్చింది.

ఆవిడకి ఆ పేరు ఎందుకొచ్చిందో వీధిలో ఎవరినీ అడగక్కర్లేదు. పొద్దున్నే తెరుచుకున్న కిటికీ రెక్క దీపాలు పెట్టాకే మూతపడుతుంది. అలాంటి మనిషి ఇవాళ కిటికీ వదిలి, వీధి దాటి, షాపు గుమ్మం ఎక్కింది. వార్త అంత బరువుగా ఉంది మరి.

"ఇల్లన్నాక ఎగుడుదిగుళ్లు ఉంటాయి. మాతో ఒక్క మాట అనకూడదా?"

అత్తగారు తల ఎత్తలేదు. ఆవిడ ఒళ్లో చరిత్ర శాఖ వాళ్ల థీసిస్ ఉంది. దబ్బనంతో పొడిచిన రంధ్రంలోంచి దారం బిగించి లాగుతూ, "కూర్చో. ఆయాసపడుతున్నావు" అంది.

"కూర్చోను వదినా, పొయ్యిమీద పాలు పెట్టొచ్చాను" అంటూ కిటికీ పిన్ని స్టూలు లాక్కుని కూర్చుంది.

అట్టకి జిగురు రాస్తున్న మామగారి కుంచె గాల్లో ఆగిపోయింది. జిగురు చుక్కలు చుక్కలుగా ఆయన పాదం మీద పడుతున్నా ఆయనకి తెలియలేదు.

"మా కోడలా? రాళ్లా? ఎవర్నో చూసి ఎవరో అనుకున్నారమ్మా. మా కోడలు లైబ్రరీ సైన్సు చదువుతోంది. ఈపాటికి క్లాసులో కూర్చుని ఏ పుస్తకానికి ఏ నంబరు వెయ్యాలో నేర్చుకుంటూ ఉంటుంది."

"నేనూ అదే అన్నాను అన్నయ్యగారూ. లైబ్రరీలో సుత్తెందుకే అని."

మామగారు నవ్వబోయాడు. ఆ నవ్వు మూతి దాకా వచ్చి అక్కడే నిలబడిపోయింది. ఎందుకంటే సరిగ్గా అప్పుడే ఆయన చూపు మూలబల్ల దగ్గర కాగితాలు మడుస్తున్న కొడుకు మీద పడింది. కొడుకు చెవులు రెండూ ఎర్రగా ఉన్నాయి.

చిన్నప్పట్నుంచీ అంతే. వాడు అబద్ధం చెప్పడు. చెవులు చెప్పేస్తాయి.

*

ఆ షాపు యూనివర్సిటీ పెద్దగేటుకి ఎదురుగా ఉంది. ముందుగదిలో కటింగు మిషను, కుట్టుబల్ల, జిగురు బకెట్లు. వెనక రెండు గదుల్లో సంసారం. డాక్టరేటు కావలసిన వాళ్లెవరైనా సరే, గేటు లోపల ఎన్నేళ్లు చదివినా, చివరికి వీధి దాటి ఈ గుమ్మం ఎక్కాల్సిందే. రెక్సిన్ అట్ట, వెన్నుమీద బంగారు అక్షరాలు పడందే ఆ చదువు చదువు కాదు.

అందుకే మామగారికి వీధిలో 'గేటు ప్రొఫెసర్' అని పేరు. ఆయన థీసిస్‌లు చదవడు. తూకం వేస్తాడు, తడుముతాడు, తెచ్చినవాడి మొహం చూస్తాడు. దాంతో ఆ శాఖ జాతకం చెప్పేస్తాడు. లెక్కల వాళ్లది పలచగా ఉంటుంది, తెచ్చినవాడు మాత్రం లావుగా నడుస్తాడు. చరిత్ర వాళ్లది దిండంత ఉంటుంది, సగం అడుగున చిన్న అక్షరాలే. న్యాయశాస్త్రం వాళ్లకి ఎర్ర అట్ట తప్ప పనికిరాదు, అక్షరం వంకరపోతే దావా వేస్తామంటారు. సాహిత్యం వాళ్లు ఆఖరి రోజున ఏడుస్తూ వస్తారు, కట్టిన పుస్తకం విప్పించి అంకితం పేజీ మార్పిస్తారు. రసాయనం వాళ్ల కాగితాల మీద మరకలు. ఆర్థికశాస్త్రం వాళ్ల పట్టికలు అడ్డంగా పడుకుంటాయి. సంగీతం వాళ్లు డబ్బులివ్వడం మర్చిపోతారు కానీ థాంక్స్ మాత్రం శ్రుతిలో చెప్తారు.

ఇన్ని శాఖల్లో ఆయనకి బొత్తిగా గిట్టనిది ఒక్కటే. జియాలజీ. వాళ్ల థీసిస్ నిండా మడత మ్యాపులు. విప్పితే మంచం దుప్పటంత ఉంటాయి. వాటిని అయిదారు మడతలు పెట్టి, మడత అంచు, పుస్తకం అంచులు సమంగా కోసే కత్తికి అందకుండా వేలెడు లోపలికి జరిపి కట్టాలి. కాస్త తప్పిందా, కత్తి మడతని తెగ్గోసేస్తుంది. అందుకే వాళ్ల పని వస్తే ఆయన ముట్టుకోడు, కొడుకు బల్ల మీదికి తోసేస్తాడు.

ఆయనకి మహా ఇష్టమైన శాఖ లైబ్రరీ సైన్సు. "వాళ్లొక్కళ్లే పుస్తకాన్ని రెండు చేతులతో పట్టుకుంటారు" అనేవాడు. వీధిలో ఏ పిల్ల ఇంటరు పాసైనా, ఏ పిల్లాడు డిగ్రీ తప్పినా సలహా కోసం ఆయన దగ్గరికే వచ్చేవాళ్లు. మొన్నటికి మొన్న రిటైరైన బస్సు కండక్టరుకి కూడా, "సాయంత్రం సర్టిఫికెట్టు కోర్సులకి వయసు పట్టింపు లేదు బాబూ, ఇంట్లో కూర్చుని గోడలు చూసే బదులు చేరిపో" అని చెప్పి చేర్పించాడు.

అలాంటి మనిషి ఇంటి కోడలికి కోర్సు ఎవరు నిర్ణయిస్తారు? ఆయనే నిర్ణయించాడు. డిగ్రీతో పెళ్లయి వచ్చిన పిల్ల మళ్లీ చదువుకుంటానంటే సంబరపడి, లైబ్రరీ సైన్సు పీజీలో చేరమన్నాడు. గేటు కాపలావాడి నుంచి రిజిస్ట్రారు గారి డ్రైవరు దాకా అందరికీ చెప్పుకున్నాడు. మా కోడలు లైబ్రేరియన్ అవుతుంది, వీధి దాటితే ఉద్యోగం, నీడపట్టున ఉంటుంది అని.

ఇప్పుడు ఆ నీడపట్టున ఉండాల్సిన పిల్ల ఎండలో గొడుగు కింద కనిపించింది.

*

"ఒరేయ్."

కొడుకు మ్యాపు మడుస్తూనే ఉన్నాడు.

"నిన్నేరా. నీ పెళ్లాం ఏం చదువుతోంది?"

"వచ్చాక తననే అడగండి నాన్నా."

"నిన్నడుగుతున్నాను."

కొడుకు నీళ్లు నమిలాడు. మడత మీద గోరుతో గీశాడు, మళ్లీ విప్పాడు, మళ్లీ మడిచాడు. వాడి చేతుల్లో ఉన్నవి జియాలజీ థీసిస్ మ్యాపులు. ఎవరో పరిశోధకుడు ఊళ్లు పట్టుకు తిరిగి రంగు పెన్సిళ్లతో చేత్తో వేసుకున్నవి. నాలుగు ప్రతులు, రేపు పొద్దున్నే ఆఫీసులో ఇచ్చుకోవాలి.

"జియాలజీ" అన్నాడు చివరికి, మ్యాపుకి చెబుతున్నట్టు.

కిటికీ పిన్ని స్టూలు ముందుకి జరుపుకుంది. పాల సంగతి ఆవిడకి గుర్తులేదు.

మామగారు కుంచె బకెట్లో పడేసి భార్య వైపు తిరిగాడు. "ఏమే, అడ్మిషన్ల రోజున దానికి తోడు వెళ్లింది నువ్వే కదా?"

"నేనే."

"ఆ హాల్లో ఏం జరిగింది?"

"ఏం జరుగుతుంది? ఒక్కో శాఖకీ ఒక్కో బల్ల వేశారు. బల్ల మీద బోర్డు. ఇంతింత మంది జనం. ఖగోళం దగ్గర్నుంచి కళ్లద్దాల తయారీ దాకా ఉన్నాయి. అన్ని చదువులున్నాయని నాకిన్నాళ్లూ తెలీదు. మన షాపుకి వచ్చేవి సగమే."

"జనం సంగతి కాదు. లైబ్రరీ సైన్సు బల్ల దగ్గర నిలబడ్డారా లేదా?"

"నిలబడ్డాం. చాలాసేపు నిలబడ్డాం."

"మరి?"

"తర్వాత జియాలజీ బల్ల దగ్గరా నిలబడ్డాం. అక్కడ గాజు పెట్టెలో రాళ్లు పెట్టారు. బావున్నాయి."

"అంటే నీకు తెలుసు."

"తెలుసు."

"నాకెందుకు చెప్పలేదు?"

"మీరు అడగలేదు. ఇంటికి రాగానే 'లైబ్రరీలో సీటొచ్చిందా' అన్నారు. 'వచ్చింది' అన్నాను."

"రాకుండానే వచ్చిందని ఎలా చెప్పావే!"

అత్తగారు దారపు కండె అందుకుంది. దారం మైనం ముద్దకేసి రాసింది, సూదిలోకి ఎక్కించింది. ఆవిడ దారం ఎక్కించే పద్ధతి చూస్తే ఇంకేమీ అడగాలనిపించదు.

*

కోడలు వచ్చేసరికి ఎండ వాలింది. గేటులోంచి వీధి దాటి వస్తూండగానే షాపులో అందరి కళ్లూ ఆమె కాళ్ల మీద పడ్డాయి. బూట్లు నిజమే. మోకాళ్ల దాకా ఎర్రదుమ్ము. భుజాన గుడ్డసంచి, అందులోంచి సుత్తి కర్ర బయటికి చూస్తోంది. రోజూ ఈ బూట్లూ సుత్తీ డిపార్టుమెంటులోనే దాచి, చెప్పులు వేసుకుని వచ్చేది. ఇవాళ అలాగే వచ్చేసింది.

గుమ్మంలో ఆగి నాలుగు మొహాలూ చూసింది. సంగతి అర్థమైంది.

"తెలిసిపోయిందా?" అంది. గొంతులో బెదురు లేదు. కాస్త తేలికపడినట్టు కూడా ఉంది.

"బస్సులోంచి చూశారే అమ్మాయ్" అంది కిటికీ పిన్ని. "పోనీలే, కష్టం చేసుకు బతకడంలో తప్పేముంది? కూలి ఎంతిస్తారు?"

"కూలేంటి పిన్నిగారూ? అది క్లాసు. ఆయన మా ప్రొఫెసరు."

"అంటే కూలివ్వరా?"

"ఇవ్వరు."

"ఊరికే కొట్టించుకుంటున్నారా!" కిటికీ పిన్ని గుండెల మీద చెయ్యి వేసుకుంది. "పైగా గొడుగు పట్టి మభ్యపెట్టడం!"

కొడుకు దగ్గు వచ్చినట్టు మొహం తిప్పుకున్నాడు. మామగారు మాత్రం నవ్వలేదు.

"కూర్చో తల్లీ" అన్నాడు. ఆయన తల్లీ అన్నాడంటే కోపం ముదిరిందన్నమాట. "నిన్ను నేనేమన్నా చదవొద్దన్నానా?"

"అనలేదు మామయ్యా. చదువుకో అన్న మొదటి మనిషి మీరే."

"చెడ్డ కోర్సు చెప్పానా?"

"మంచి కోర్సే చెప్పారు. నాకు కావలసింది కాదు."

"నీకు కావలసిందేంటో నాకు చెప్పడానికేం?"

"చెప్తే వద్దంటారు. అందుకే చెప్పలేదు."

ఆ మాట అంత సూటిగా వస్తుందని ఆయన అనుకోలేదు. సాకులు వింటానికి సిద్ధపడిన మనిషికి సాకు దొరకలేదు.

"ఆ జియాలజీ వాళ్లు మన షాపులో అడుగు పెడితే నాకు ఒళ్లు మండుతుందని తెలుసుగా?"

"తెలుసు. మీకు గిట్టనివి మ్యాపులు. మనుషులు కాదు."

"రాళ్లలో ఏముందమ్మా చదవడానికి? రాయి రాయే."

"మా ఊళ్లో బావి తవ్వినప్పుడు గంపల్లో మట్టి పైకి వచ్చేది మామయ్యా. ఒకనాడు నల్లగా, ఒకనాడు పచ్చగా, ఇంకోనాడు గవ్వలు. అంత లోతులో గవ్వలెందుకున్నాయని మా నాన్నని అడిగాను. 'మట్టి కదే' అన్నాడు. మేస్త్రీని అడిగాను. వాడూ అదే అన్నాడు. పెళ్లై మీ ఇంటికొచ్చేదాకా ఎవర్నీ మళ్లీ అడగలేదు. ఇక్కడ ఆ థీసిస్‌లు కుడుతుంటే తెలిసింది, అదే పనిగా చదివేవాళ్లున్నారని."

"కుట్టమంటే చదివావా?"

"అత్తయ్య కూడా చదువుతారు" అని కోడలు అత్తగారి వైపు చూసింది. అత్తగారు దారం కొరికింది.

మామగారు లేచాడు. "సరే. జరిగిందేదో జరిగింది. రేపే వెళ్లి కోర్సు మార్పించుకో. రిజిస్ట్రారు గారి డ్రైవరు మనవాడే, నేను మాట్లాడతాను."

"రేపు కుదరదు మామయ్యా. రేపు పొద్దున్నే మా బస్సు. రెండు వారాలు ఫీల్డు క్యాంపు. డేరాల్లో ఉంటాం. ఆ క్యాంపుకి వెళ్లకపోతే సంవత్సరం పోతుంది. ఈ రాత్రి చెబుదామనే ఇలా బూట్లతో వచ్చాను."

డేరాలు అన్న మాట దగ్గర కిటికీ పిన్ని మళ్లీ గుండెల మీద చెయ్యి వేసుకుంది.

"వెళ్లడానికి వీల్లేదు" అన్నాడు మామగారు.

"మీరు సరే అని పంపిస్తే వెళ్లాలని నా ఆశ. మీతో పేచీ పెట్టుకుని వెళితే అక్కడ నాకు రాళ్లు కనిపించవు, మీ మొహమే కనిపిస్తుంది."

"అయితే వెళ్లవుగా?"

"అది మాత్రం అనలేదు."

మామగారు కొడుకు వైపు తిరిగాడు. "ఒరేయ్, నువ్వేమంటావు?"

కొడుకు భార్యని చూశాడు, తండ్రిని చూశాడు, చేతిలో ఆఖరి మ్యాపుని చూశాడు. "మ్యాపులు మడిచేశాను నాన్నా. నాలుగు ప్రతులూ తయారు" అన్నాడు.

"ఇటివ్వు. ఈ ఇంట్లో పని చేసేవాణ్ణి నేనొక్కణ్ణే!"

*

కోపం వస్తే ఆయన కటింగు మిషను దగ్గరికి వెళతాడు. ఆ పెద్ద చక్రం తిప్పి కాగితాలు బిగించి, కర్రపిడి పట్టి కత్తి దించితే ఆయన ఒళ్లు చల్లబడుతుంది. అది ఇంటిల్లిపాదికీ తెలుసు. అందుకే ఎవరూ అడ్డురాలేదు.

నాలుగు ప్రతులూ ఒకదాని మీద ఒకటి పేర్చి మిషనులో పెట్టాడు. చక్రం తిప్పాడు. మామూలుగా అయితే ఇక్కడ ఆయన బొటనవేలితో అంచంతా తడుముతాడు. లోపల మడత ఎక్కడుందో ఆ వేలు చెబుతుంది. ఆ వేలు తడమందే ఆయన కత్తి దించినట్టు షాపు పెట్టినప్పట్నుంచీ ఎవరూ చూడలేదు.

ఇవాళ తడమలేదు. "డేరాలట!" అంటూ పిడి లాగేశాడు.

కత్తి దిగితే కాగితం ఒకే గొంతుతో సర్రుమంటుంది. ఈసారి రెండు గొంతులు వినిపించాయి. మొదట సర్రుమంది, ఆ తర్వాత లోపల ఏదో మందంగా, కరకరమంటూ తెగింది.

ఆ చప్పుడుకి అత్తగారి సూది ఆగింది. కొడుకు కళ్లు మూసుకున్నాడు. మిషను కింది బుట్టలో తెల్ల చీలికలు రాలాల్సిన చోట రంగురంగుల చీలికలు రాలాయి.



కిటికీ పిన్ని మాత్రం, "ముగ్గు పొడి లాగా ఎంత బావున్నాయో" అంది. తర్వాత ఆవిడకీ ఏదో అర్థమై నోరు మూసుకుంది.

మామగారు చక్రం వెనక్కి తిప్పాడు. పై ప్రతి తీసి తెరిచాడు. లోపల మ్యాపు మడతల దగ్గర తెగి, ముక్కలు ముక్కలుగా ఆయన చేతుల్లోంచి జారిపోయింది. రెండో ప్రతీ అంతే. మూడోదీ అంతే.

"వేలెడు లోపలికి జరపలేదేంరా?" అన్నాడు కొడుకుతో. కేక కాదు.

"పిన్నిగారి మాటలు వింటూ మడిచాను నాన్నా. చేతులు వాటంతటవే పోయాయి. మీరు తడుముతారులే అనుకున్నాను."

"నువ్వు మడిచావులే అని నేననుకున్నాను."

తండ్రీ కొడుకులిద్దరూ ఒకే తప్పుని చెరో చివరా పట్టుకుని నిలబడ్డారు. ఆ మ్యాపులు వేసిన కుర్రాడు రేపు పొద్దున్నే వస్తాడు. చేత్తో వేసిన రంగులు, మళ్లీ వెయ్యాలంటే మళ్లీ ఆ ఊళ్లన్నీ తిరగాలి.

కోడలు బూట్లు విప్పి మూలన పెట్టింది. బుట్టని ఎత్తి గదిమధ్యలో నేలమీద బోర్లించింది.

"అత్తయ్యా, పల్చటి కాగితం ఉందా? ఆ ఉల్లిపొర లాంటిది."

"ఉంది" అని అత్తగారు లేచింది.

*

ముక్కలు చాలా ఉన్నాయి. నాలుగు ప్రతులవీ కలిసిపోయాయి. కొడుకు ఒక పచ్చ చీలికని పట్టుకుని ఏ పచ్చ పక్కన పెట్టాలో తెలియక తిప్పుతుంటే కోడలు అందుకుంది.

"అది గడ్డి పచ్చ కాదండీ, సున్నపురాయి. వాగుకి ఇవతల ఉంటుంది. ఇలా ఇవ్వండి."

పోయిన నెల వాళ్లు తిరిగింది ఆ మ్యాపులో ఉన్న చోటే. నడిచిన చోటు కనక చెయ్యి తడుముకోకుండా వెళుతోంది. అయినా రెండుసార్లు తప్పు పెట్టింది. అత్తగారు జిగురు రాయబోయి ఆగి, "ఈ గీత ఆ గీతతో కలవట్లేదే" అంటే నాలుక కరుచుకుని మార్చింది. ఒకచోట చీలిక దొరకనేలేదు. కిటికీ పిన్ని స్టూలు కింద వెతికి, తన చెప్పుకి అంటుకున్నది తీసి ఇచ్చింది. ఆవిడ పాలు ఈపాటికి పొంగి, పొయ్యి ఆరిపోయి ఉంటుంది.

మామగారు కాసేపు మిషనుకి ఆనుకుని నిలబడ్డాడు. తర్వాత కుర్చీ జరుపుకుని దగ్గరికొచ్చాడు. తర్వాత కుర్చీ దిగి నేలమీద కూర్చున్నాడు.

"ఈ ఎర్రగీత ఏంటి?" అన్నాడు, ఎవర్ని అడుగుతున్నాడో తెలియనట్టు.

"అక్కడ భూమి చీలింది మామయ్యా. ఎప్పుడో. ఇటువైపుది కిందికి జారిపోయింది."

"మన షాపు కింద కూడా ఉందా అలాంటిది?"

"ఇంకా అంతదాకా చదవలేదు. చదివాక చెబుతాను."

మామగారు ముక్కుతో గాలి వదిలాడు. మొదటి మ్యాపు ఒక్కటైంది. అతుకు కనిపిస్తూనే ఉంది, దాచినా దాగదు. ఆయన దాన్ని రెండు చేతులతో ఎత్తి దీపం వెలుగులో చూశాడు.

"ఆ కుర్రాడికి తెగిందని చెప్పాలి" అన్నాడు. "దాచకూడదు. నేనే చెబుతాను."

"చెప్పండి. నాలుగు తిట్లు తింటారు. అంతేగా" అంది అత్తగారు.

"తింటాను. తినవలసినవే." ఆయన మ్యాపుని జాగ్రత్తగా బల్లమీద పరిచాడు. తర్వాత కోడలితో, "మ్యాపులు అతికించావు. మంచిదే. అయినా ఇది వేరు, అది వేరు. క్యాంపు సంగతి నేనింకా సరే అనలేదు" అన్నాడు.

"తెలుసు మామయ్యా."

"నాలుగు మ్యాపులు అతికిస్తే మెత్తబడే మనిషిని కాను."

"అదీ తెలుసు."

"నిన్ను ఆపితే నాకొచ్చే లాభం ఏంటి? రోజూ నీ మొహం చూడాలి." ఆయన తువ్వాలుతో చేతులు తుడుచుకున్నాడు. ఆ తుడుచుకోవడం చాలాసేపు సాగింది. "నాకు మ్యాపుల మీద కోపం ఉంది కానీ బుర్ర లేదనుకోకండి. నాకు తట్టేది ఒకటే. ఇది థీసిస్‌లు ఇచ్చే కాలం. సాయంత్రం డిపార్టుమెంట్లు మూశాక గేటులోంచి జనం వరదలా వస్తారు. పగలు ఎలాగో లాగుతాం. సాయంత్రాలు కుట్టు ఎవరు చూస్తారు? పోయిన నెలంతా నువ్వు క్లాసు నుంచి వచ్చి కుట్టబట్టి గడిచింది."

కోడలి మొహంలో వెలుగు మొదలైంది. ఈ మనిషి లెక్క వేస్తున్నాడంటే తలుపు తెరుస్తున్నాడని ఆమెకి ఇన్నాళ్ల కాపురంలో తెలిసింది.

"నాన్నా, నేను..." అన్నాడు కొడుకు.

"నీ కుట్టు చూశాంలే. నువ్వు కుట్టిన పుస్తకం వాళ్లు డాక్టరేటు తీసుకునేలోపే విడిపోతుంది." మామగారు గొంతు సవరించుకున్నాడు. తీర్పు చెప్పే ముందు ఆయన గొంతు అలాగే సవరించుకుంటాడు. కోర్సుల సలహా చెప్పేటప్పుడు కూడా. "ఒక్క దారి ఉంది. ఈ రెండు వారాలూ సాయంత్రం కుట్టు మీ అత్తయ్య చూసుకుంటుంది. ఆవిడ కూర్చునేట్టయితే నువ్వు రేపు బస్సెక్కు. ఆవిడ కూర్చోకపోతే లేదు. ఇంతే నా మాట. ఇక దీనిమీద ఎవరూ నన్ను మళ్లీ అడగొద్దు."

"మామయ్యా!" అంటూ కోడలు లేచి నిలబడింది.

కొడుకు ఊపిరి పీల్చుకున్నాడు. కిటికీ పిన్ని, "అదీ పెద్దమనిషి తరహా" అని మెచ్చుకుంది. కోడలు అప్పుడే మూలనున్న బూట్లు అందుకుని దుమ్ము దులపడం మొదలుపెట్టింది. ఆ షాపులో అత్తగారి కుట్టు గేటు గోడంత ఖాయమైనది. దాన్ని ఎవరూ అడగరు, అది ఉంటుంది. అందరూ ఆవిడ వైపు చూసింది కూడా మాటవరసకే.

అత్తగారు ఆఖరి అతుకు మీద ఉల్లిపొర కాగితం వేసి బొటనవేలితో నొక్కింది. గాలి బుడగ లేకుండా చివరి దాకా నొక్కింది. సూది దిండుకి గుచ్చింది. దబ్బనం డ్రాయరులో పెట్టి డ్రాయరు మూసింది.

"నాకు కుదరదు."

మామగారు నవ్వాడు. "ఏం, నీకూ డేరా వేశారా?"

కోడలి చేతిలో బూటు ఆగిపోయింది. అత్తగారు ఆమె వైపు చూసింది. ఆ చూపులో జాలి ఉంది కానీ వెనక్కి తగ్గడం లేదు.

"రేపట్నుంచి సాయంత్రాలు నాకూ క్లాసుంది. లైబ్రరీ సైన్సు సర్టిఫికెట్టు, అది రెండో టర్ములోనే మొదలు. ఆ బల్ల దగ్గర చాలాసేపు నిలబడ్డామని చెప్పాగా, సీటొచ్చింది నాకు. అది మంచి కోర్సనీ వయసు పట్టింపు లేదనీ మీరే వీధంతా చెప్తారు. కుట్టుకి మనిషిని చూసుకోండి."

కిటికీ పిన్నికి సరిగ్గా అప్పుడే పొయ్యిమీద పాలు గుర్తొచ్చాయి.